టంకం

గుణుపురంలో మా కొట్టు
స్టేషను రోడ్డు మలుపులో.
బోర్డు మీద పైన ఒడియా, కింద తెలుగు,
తెలుగు అక్షరాలకి రంగు పోయి మూడేళ్లయింది.
నాయన కుంపటి పెట్టిన చోటే
ఇప్పుడు నా టంకం కడ్డీ.
ఆయన వెలిగారం వాసన గోడలో దాగుంది,
వానాకాలం బయటికొస్తుంది.

భాద్రపదం ముసురులో తన్మయ్ పాఢి వచ్చాడు
గొడుగు పెట్టెకి పట్టి, తను తడిసి.
వాళ్ల మావయ్య ఓడ మీద వెల్డరు,
యొకొహామాలో కొన్న గేము పెట్టె.
విశాఖపట్నంలో కొన్న డిస్కు అందులో పెడితే
తెర మీద ఒకటే ముక్క:
ఈ డిస్కు ఈ ప్రాంతానిది కాదు.

నవ్వొచ్చింది నాకు.
ఆ ముక్క చిన్నప్పట్నుంచీ ఎరుగుదును.
బత్తిలిలో అమ్మ రేషను కార్డు చూపిస్తే
డీలరు దాన్ని తిరగేసి మరగేసి
అదే అన్నాడు, కాస్త మర్యాదగా.
కాలు విరిగి పార్వతీపురం ఆసుపత్రిలో పడుకుంటే
గుమాస్తా అదే అన్నాడు, మర్యాద లేకుండా.

మరలు విప్పాను.
ఒక మర మీద కాయితం చుక్క,
చింపితే హామీ చెల్లదట.
చింపాను.
లోపల పచ్చటి పలక,
కొండెక్కి చూస్తే కనిపించే మళ్లలా
గట్లూ కాలవలూ.
మినపగింజంత చిప్పు, వెంట్రుకంత తీగలు నాలుగు,
ఊపిరి బిగబట్టి అతికాను.
నాయన ముక్కుపుడకకి రాయి పొదుగుతుంటే
ఇంట్లో ఎవరూ దగ్గకూడదు.
తెర వెలిగింది.
గుంటడు సంతోషం పట్టలేక నా చెయ్యి గిల్లాడు.

చిప్పుకి ఆరొందలు.
ఇంకో రెండొందలకి నలభై గేములు ఎక్కించాను.
అదీ చెప్పాలి, దాచను.

కార్తీకంలో జీపు వచ్చింది.
భువనేశ్వర్ నుంచి కంపెనీ మనిషి,
ఇస్త్రీ చొక్కా, కొత్త బూట్లకి మా వీధి బురద.
సెక్షను చదివాడు, అరవై అయిదు ఏ.
తాళం తప్పించడం. రెండేళ్ల దాకా.
"తాళం ఎవరిదండీ?"
"కంపెనీది."
"పెట్టె?"
"కొన్నవాడిది."
"మరి కొన్నవాడి పెట్టెకి మీ తాళమేటండీ?"
ఎస్సై నాయక్ గారు మీసం గోక్కున్నారు.

నాయన ఎన్ని వంకీలు కరిగించి గాజులు చేశాడో,
ఆ వంకీ చేసిన కంసాలి
ఒక్కడూ జీపేసుకుని రాలేదు.
అమ్మ బంగారమైనా కంసాలి కాజేస్తాడని సామెత.
అంటే నాయన నవ్వి
తరుగు తూచి చూపించేవాడు.
నా తరుగు ఆ నలభై గేములు.
అవి చేసినవాళ్లు ఎక్కడో ఉంటారు,
నెల తిరిగితే వాళ్లకీ అద్దె ఉంటుంది.
తూచి చూపిద్దామంటే
నా దగ్గర ఆ త్రాసు లేదు.

తర్వాతెప్పుడో వకీలు పట్నాయక్
పాను బుగ్గన పెట్టుకుని అడిగాడు:
"చట్టానికి ఉద్దేశం ముఖ్యం. నీ ఉద్దేశం ఏమిటి?"
ఆరొందలు, అన్నాను.
చాలాసేపటికి మళ్లీ,
తెర మీద ఆ ముక్క చెరిపెయ్యాలని, అన్నాను.
"మొదటిది కోర్టులో అనకు.
రెండోది అసలనకు."

జీపు వచ్చిన రోజుకే వస్తాను.
జప్తు కాయితం ఒడియాలో రాశారు.
ఒడియాలో బేరమాడతాను, పోట్లాడతాను,
చదవడానికి మాత్రం తడుముకుంటాను.
ఆ గుండ్రటి తలల వరసలో నా ఇంటిపేరు వెతికితే
లక్కోజులో ఒక కకారం జారిపోయింది.
తెలుగులో సంతకం పెట్టాను, ఎవరూ కాదనలేదు.

పెట్టెకి గుడ్డ చుట్టి, దారం బిగించి
కానిస్టేబుల్ గమాంగ్ లక్క ముక్కకి అగ్గిపుల్ల పెట్టాడు.
భగ్గుమంది, నల్లగా కారింది,
గుడ్డ మీద మసి.
చూస్తూ ఊరుకోలేకపోయాను.
"అలా కాదు బాబూ, మాడితే పట్టు ఉండదు.
సెగ దూరంగా చూపించు. తిప్పుతూ ఉండు.
మెరుపు రాగానే వెయ్యి."
అతని మణికట్టు పట్టుకుని చూపించాను.

ముద్ర నున్నగా పడింది.
మూడు సింహాల మొహాలూ, కింద అక్షరాలూ
అన్నీ తేలాయి.
కంపెనీ మనిషి వంగి
దగ్గర్నుంచి ఫొటో తీసుకున్నాడు.